చెరువు తగ్గినప్పుడే దిగే పిట్టలు

తిరుపతి దగ్గరి రాయలచెరువు నిండి మొరవ పోతుంటే కళ్లకు పండగే. బురదపిట్టల కోసం వెళ్లినవాళ్లకు మాత్రం ఆ రోజు దండగ. నీళ్లు కట్టను తాకుతున్నంతసేపూ బాతులు, నీటికోళ్లే కనిపిస్తాయి. బురదపిట్టల మేతంతా అంచున తేలే మెత్తటి అడుసులో ఉంటుంది. సంక్రాంతి దాటాక తూములు ఎత్తి పైర్లకు వదిలేకొద్దీ ఆ అడుసు రోజుకింత బయటపడుతుంది. వెళ్లాల్సింది అప్పుడు.

ఎవరు ఎక్కడ మేయాలో కాళ్ల పొడవే తేలుస్తుంది. ముప్పై గ్రాములు కూడా తూగని లిటిల్ స్టింట్ తడి అడుసు మీదే పరుగులు పెడుతుంది. పొడుగు కాళ్ల గాడ్విట్ పొట్ట తడిసేదాకా దిగుతుంది. మట్టి కోసం జేసీబీలతో నిలువుగా తవ్విన చెరువులో లోతు కొద్దికొద్దిగా పెరిగే వాలే ఉండదు: గట్టు దిగితే గుంత. అలాంటి చోట నీళ్లు ఎన్నున్నా ఈ పిట్టలు ఆగవు.

పేరు తెలియకపోయినా మేసే తీరు చూస్తే జాతి పట్టుబడుతుంది. ప్లోవర్లనే బురదపిట్టలకు ముక్కు పొట్టి, కళ్లు పెద్దవి. నాలుగడుగులు పరుగెత్తి, టక్కున ఆగి, కంటబడిన పురుగును పొడుస్తాయి. ఉల్లంకి, గాడ్విట్ లాంటివి కుట్టుమిషను సూదిలా అడుసులో ముక్కు దించుతూ పోతాయి. ముక్కు కొసన నరాలున్న సన్నటి గుంటలుంటాయి కాబట్టి చూడకుండానే పురుగు జాడ తెలుస్తుంది. ముక్కు మొత్తం తెరవక్కర్లేదు, అడుసులోపల కొస మాత్రమే విచ్చుకుని పురుగును పట్టేస్తుంది.

ఇక ఆయిస్టర్‌క్యాచర్. నలుపు తెలుపు ఒళ్లు, కాస్త ఎరుపు కనబడగానే చెరువులో దాన్ని చూశామనేవాళ్లు ఉంటారు. అది చాలావరకు బ్లాక్ వింగ్డ్ స్టిల్ట్ అయి ఉంటుంది: కాళ్లు పొడుగ్గా గులాబీ ఎరుపు, ముక్కు మాత్రం సన్నగా నల్లగా. ముక్కు ఎర్రగా ఉండి కొస నల్లగా, కాళ్లు పచ్చగా ఉంటే అది మన తీతువే. ఆయిస్టర్‌క్యాచర్‌ది క్యారెట్ రంగు బలమైన ముక్కు, పొట్టి కాళ్లు. అది సముద్రపు ఒడ్డు పిట్ట, చలికాలపు చుట్టం.

పేరులో ఆయిస్టర్ అనే చిప్ప ఉన్నా అది ఎక్కువగా తినేది వేరే చిప్పలనూ పురుగులనూ. చిప్ప కాస్త నోరు తెరిచి ఉంటే, పక్కల నుంచి నొక్కినట్టు పలచగా ఉండే ముక్కును లోపలికి దూర్చి, రెండు చిప్పలను మూసిపట్టే కండరాన్ని కోసేస్తుంది. గురి తప్పితే చిప్ప మూసుకుపోతుంది, ఒక్కోసారి ముక్కునే పట్టేస్తుంది. కొన్ని పిట్టలు ఇంత నేర్పు జోలికి పోకుండా చిప్పను బాది పగలగొడతాయి. బాదేవాటి ముక్కు కొస మొద్దుబారి ఉంటుంది, దూర్చేవాటిది ఉలిలా, పురుగులు తినేవాటిది మొనదేలి. ముక్కు రోజుకు సుమారు 0.4 మిల్లీమీటర్లు పెరుగుతూ అరుగుతూ ఉంటుంది కాబట్టి, మేత మారితే కొన్ని వారాల్లోనే కొస రూపూ మారిపోతుంది.

ఆయిస్టర్‌క్యాచర్ కోసమైతే పులికాట్‌లో సముద్రం వైపు, సరస్సు సముద్రంలో కలిసే మొగల దగ్గర వెతకాలి. మిగతా బురదపిట్టలకు సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డే చాలు. రోడ్డు తూర్పుగా పోతుంది, చలికాలంలో సూర్యుడు దక్షిణంగా నడుస్తాడు. అందుకే ఉత్తరం వైపు సరస్సు చూస్తే వెలుగు మీ వీపు మీద పడుతుంది. దక్షిణం వైపు చూస్తే అన్నీ నల్లటి నీడలే, కాళ్ల రంగు తెలియదు. 8×42 బైనాక్యులర్ సరిపోతుంది. పిట్టలు మేత ఆపి తల ఎత్తాయంటే అక్కడే ఆగిపోవాలి. ఫిబ్రవరి, మార్చిల్లో అవి ఉత్తర దిక్కుగా సాగే దూర ప్రయాణానికి కొవ్వు పోగుచేసుకుంటాయి. లేపి ఎగరగొట్టిన ప్రతిసారీ అందులోంచే ఖర్చవుతుంది.

ఏప్రిల్ ముగిసేసరికి చాలావరకు వెళ్లిపోతాయి. ఎండిన చెరువులో తీతువు మిగులుతుంది. ఉత్త నేల మీద, మొనలు లోపలికి పెట్టి నాలుగు గుడ్లు పొదుగుతుంది. ఎండ మండిపోతుంటే మిగిలిన మడుగుకు పోయి, పొట్ట ఈకలు తడుపుకొచ్చి, ఆ తడితోనే గుడ్ల మీద కూర్చుంటుంది.