లాడ్జి గదుల్లో పెంపుడు జంతువులు: అపోహలు - వాస్తవాలు

నాగార్జునసాగర్ దగ్గర లాడ్జి నడిపించబట్టి 18 ఏళ్లు. సాగర్ గేట్లు ఎత్తారంటే చాలు, హైదరాబాద్ నుంచి కుటుంబాలు కుక్కపిల్లలతో సహా దిగుతాయి. మర్నాడు వాళ్లు వెళ్లిపోతారు. ఆ గది ఊడ్చేది, దుప్పట్లు దులిపేది మా దగ్గర పనిచేసే అక్కలు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నా.

అపోహ: "ఇంట్లో పెరిగే కుక్క సార్, దానికి టీకా ఎందుకు?"

వాస్తవం: రేబిస్ వైరస్ జబ్బుపడ్డ జంతువు చొంగలో ఉంటుంది. వాకింగ్‌కు తీసుకెళ్లినప్పుడు అలాంటి వీధికుక్క ఒక్కసారి కరిస్తే చాలు. మనిషికి లక్షణాలు బయటపడ్డాక బతికించడం దాదాపు అసాధ్యం.

పోయిన ఏడాది ఒక అక్క దుప్పటి తీస్తుంటే, మాకు చెప్పకుండా మంచం కింద దాచిన కుక్కపిల్ల చేతి మీద గీరింది. రక్తం రాలేదు, ఎర్రటి గీత మాత్రం తేలింది. "ఇంత గీతకేంది సార్, పసుపు పెట్టుకుంటా" అంది. పసుపు, కారం, సున్నం ఏదీ పెట్టకూడదు. నల్లా కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగించి సర్కారు దవాఖానకు తీసుకుపోయాం. ఆ రోజు, తర్వాత 3, 7, 28వ రోజుల్లో సూదులు వేశారు. కుక్కను 10 రోజులు గమనించమన్నారు. ఓనర్ దగ్గర వ్యాక్సిన్ కార్డు లేదు, ఊరికి పోయాక ఫోన్ ఎత్తలేదు. ఇద్దరు పిల్లల తల్లి ఆమె. చివరి సూది అయ్యేదాకా ఆమె పడ్డ టెన్షన్ నేను కళ్లారా చూశాను.

అపోహ: "రోజూ స్నానం చేయిస్తాం, పురుగూ పుట్రా ఉండదు."

వాస్తవం: నీళ్లు పోస్తే గోమార్లు (రక్తం తాగే పిడుదులు) పోవు. ఒకసారి మంచం తలాపు చెక్క జరిపి టార్చి వేస్తే, గోడ పగుల్లో ఆముదం గింజలు ఇరికించినట్టు కనిపించాయి. నల్లగొండ, పాలమూరు వాళ్లకు ఆముదం గింజ కొత్త కాదు కదా, నేనూ అవే అనుకున్నా. పుల్లతో కదిపితే కాళ్లు ఆడించాయి. కడుపునిండా రక్తం తాగిన ఆడ గోమారి కుక్క ఒంటి మీంచి రాలి, ఇలాంటి పగుళ్లలోనే వేల గుడ్లు పెడుతుంది. పెద్ద గోమార్లు తిండి లేకుండా నెలల తరబడి బతుకుతాయి. తర్వాత దిగే వాళ్ల కుక్కకు, ఒక్కోసారి మనిషికీ జ్వరం అంటిస్తాయి. కనిపిస్తే వేళ్లతో నలపకండి. మేం ఆ గది మూసి, మందు కొట్టించి, పగుళ్లన్నీ సిమెంటుతో పూడ్పించాం.

అపోహ: ఫినాయిల్ పోస్తే అన్నీ చస్తాయి.

వాస్తవం: ఏలికపాముల గుడ్లు ఫినాయిల్‌కు లొంగవు. గ్లౌజులు వేసుకుని ముందు మలం ఎత్తేయాలి, తర్వాత సలసల కాగే నీళ్లతో కడగాలి. పిల్లులకు ఫినాయిల్ విషం. మూత్రం మీద నేరుగా బ్లీచింగ్ చల్లితే ఘాటైన గ్యాస్ లేస్తుంది, ముందు నీళ్లు కొట్టండి. గర్భిణులతో పిల్లి మలం అసలే ఎత్తించొద్దు, అందులో ఉండే టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి సోకితే కడుపులో బిడ్డకు ప్రమాదం.

అపోహ: పంజరంలో రామచిలుకతో ఇబ్బందేముంది?

వాస్తవం: మన రామచిలుకను పెంచుకోవడమే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

అపోహ, ఇది మా లాడ్జీల వాళ్లది: "జంతువులను రానివ్వకపోతే ఏ గొడవా ఉండదు."

వాస్తవం: వద్దంటే బ్యాగులో దాచి తెస్తారు. ఆ గీత పడింది అలాగే. ఇప్పుడు కింది అంతస్తులో రెండు గదులు వీటికే ఉంచాం, వ్యాక్సిన్ కార్డు చూసి ఇస్తున్నాం. బుక్ చేసేటప్పుడే కుక్క ఉందని చెప్పండి, కార్డు ఫొటో వాట్సాప్‌లో పంపండి. ఎవరినైనా కరిచినా, గీరినా, ఇంటికి వెళ్లాక ఆ 10 రోజులు మా ఫోన్ ఎత్తండి.