“వదిలేస్తే అవే కలిసిపోతాయి”: ఒకే ఇంట్లో కుక్కా పిల్లీ, అపోహలు - వాస్తవాలు

పిల్లిని తెచ్చి మూడు రోజులైంది, బీరువా మీద నుంచి దిగడం లేదు, తిండి ముట్టడం లేదు, కుక్కేమో కిందే కూర్చుని పైకి చూస్తూ మూలుగుతోంది, ఏం చెయ్యమంటారు? మాకొచ్చే ఫోన్లు ఇంచుమించు ఇలాగే మొదలవుతాయి. మొదటి రోజు రెంటినీ ఎలా కలిపారని అడిగితే జవాబు కూడా ఒకటే: “బుట్ట తలుపు తీసి హాల్లో వదిలామండీ. రెండ్రోజులు కొట్టుకుని తర్వాత అవే కలిసిపోతాయని అందరూ చెప్పారు.”

అపోహ: మొదటి రోజే ఎదురెదురుగా వదిలేస్తే అవే సర్దుకుంటాయి.

వాస్తవం: ఈ ఒక్క సలహా చేసినంత నష్టం మిగతా అపోహలన్నీ కలిపినా చెయ్యవు. బుట్ట తెరిచాక ఏం జరుగుతుందో చూడండి. పిల్లికి ఇల్లు కొత్త, ఎక్కడ దాక్కోవాలో తెలియదు. కుక్క దగ్గరికొస్తుంది, పిల్లి పరుగు తీస్తుంది. పరిగెత్తే చిన్న ప్రాణి వెంట పడటం కుక్క రక్తంలోనే ఉంది. తరమడమే దానికి ఆనందం, వేరే ఎవరూ బహుమతి ఇవ్వక్కర్లేదు. అంతా పది సెకన్లు. ఆ కాసేపట్లోనే పిల్లి అంటే తరమాల్సిందని కుక్క నేర్చుకుంటుంది, ఈ ఇంట్లో నేల మీద కాలు పెడితే ప్రాణం మీదికొస్తుందని పిల్లి నేర్చుకుంటుంది. తరిమిన ప్రతిసారీ రెండు పాఠాలూ గట్టిపడతాయి. మాన్పించడానికి వారాలు పడుతుంది.

ఇక దెబ్బలు. పిల్లి గోరు తగిలితే కుక్క కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శక పొర) మీద పుండు పడొచ్చు, ఆలస్యమైతే చూపే పోవచ్చు. పిల్లి కోర సన్నగా, లోతుగా దిగుతుంది. పైకి చిన్న చుక్కే కనిపిస్తుంది, లోపల చీము పడుతుంది. కుక్క పిల్లిని నోట కరుచుకుని ఒక్కసారి విదిలిస్తే చాలు, ప్రాణం నిలవకపోవచ్చు. ఒక్క దెబ్బా తగలకపోయినా ముప్పు ఉంది. భయంతో తిండి మానేసిన పిల్లికి కొద్ది రోజుల్లోనే కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది, లావుగా ఉన్నవాటికి మరీ త్వరగా. 24 గంటలు ఏమీ తినలేదంటే డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి. మగపిల్లి లిటర్ ట్రేలోకి (మలమూత్రాలకి ఇసుకలాంటి లిటర్ పోసి పెట్టే పళ్ళెం) మాటిమాటికీ వెళ్ళి ముక్కుతూ, ఒక్క చుక్క కూడా పొయ్యడం లేదంటే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. ఒత్తిడితో ఉన్న మగపిల్లుల్లో మూత్రనాళం మూసుకుపోవడం జరుగుతుంది, ఒకటి రెండు రోజులు ఆగితే చనిపోవచ్చు.

కాబట్టి మొదట గది. తలుపు మూసుకునే ఒక గదిని పిల్లికి వదిలెయ్యండి. తిండి, నీళ్ళు, వాటికి దూరంగా లిటర్ ట్రే, దూరి కూర్చోడానికి ఒక అట్టపెట్టె, ఎక్కడానికి ఎత్తైన చోటు ఉండాలి. కనీసం 3 రోజులు. మీరు లోపలికెళ్తే తోక నిలువుగా ఎత్తి ఎదురొస్తోందంటే అది కుదురుకున్నట్టు. పిరికి పిల్లికి రెండు మూడు వారాలు పట్టినా తొందరపెట్టొద్దు.

ఈలోగా వాసనలు మార్చండి. మెత్తటి గుడ్డతో పిల్లి బుగ్గలు రుద్ది ఆ గుడ్డని కుక్క పడుకునే చోట పెట్టండి, కుక్క ఒంటికి రుద్దిన గుడ్డని పిల్లి గదిలో ఒక మూల పెట్టండి. ముక్కుకి ఆనించొద్దు, అదే వచ్చి చూసుకోవాలి. కుక్కని వాకింగ్‌కి తీసుకెళ్ళినప్పుడు పిల్లిని ఇల్లంతా తిరగనివ్వండి.

తర్వాత మూసిన తలుపుకి ఇరువైపులా తిండి పెట్టండి. మొదట తలుపుకి 6 అడుగుల దూరంలో గిన్నెలు. రెండూ నిమ్మళంగా తింటే మరుసటి పూట అడుగు ముందుకి జరపండి. ఏదైనా తినడం ఆపి తలుపు వైపే చూస్తుంటే మళ్ళీ వెనక్కి జరపండి. చాలామంది ఇక్కడే తొందరపడతారు. రెండు గిన్నెలూ తలుపుకి ఆనుకుని ఉన్నా రెండు మూడు పూటలు ఏ గొడవా లేకుండా తింటేనే తలుపు తెరిచే మాట.

చూపించేది బేబీ గేట్ (గుమ్మానికి అడ్డంగా పెట్టే పొట్టి గేటు) అవతల నుంచి. మొదట్లో గేటు మీద దుప్పటి వేసి, రోజుకింత పైకి మడవండి. కుక్కకి హార్నెస్ (ఛాతీ చుట్టూ తొడిగే పట్టీ), 6 అడుగుల లీష్ (పట్టుకునే తాడు) ఉండాలి, ముందే బాగా నడిపించి ఉండాలి. పిల్లిని మాత్రం ఎప్పుడూ కట్టొద్దు, పట్టుకోవద్దు. తప్పుకునే దారి ఉందని తెలిస్తేనే అది నిలబడి చూస్తుంది. ఎంత దూరం నుంచి చూపించాలంటే, పిల్లి కనిపిస్తున్నా మీరిచ్చిన ట్రీట్‌ని కుక్క మామూలుగా తినగలిగేంత దూరం. తినడం లేదంటే మీరు మరీ దగ్గరున్నట్టే.

బఠాణీ గింజంత ట్రీట్ ముక్కలు ఇరవై జేబులో వేసుకోండి. కుక్క పిల్లి వైపు చూసిన ఆ క్షణంలోనే “శభాష్” అనండి, ముక్కని మీ మోకాలి దగ్గర పట్టుకోండి. తినాలంటే అది తల మీవైపు తిప్పాలి. పది పన్నెండు సార్లు ఇలా చేసి ఆపెయ్యండి. 3 నిమిషాలు దాటొద్దు, రోజుకు మూడు నాలుగుసార్లు చాలు, బాగా జరుగుతున్నప్పుడే ఆపాలి. కొన్నాళ్ళకి పిల్లి కనపడగానే, మీరు పిలవకుండానే, కుక్క తిరిగి మీ మొహంలోకి చూస్తుంది. ఆ తిరగడం కోసమే ఇంత పని.

పని చెడుతోందని ముందుగా చెప్పేది కుక్క మొహమే. అప్పటిదాకా తెరిచి ఉన్న నోరు టక్కున మూసుకుంటుంది. చెవులు ముందుకొస్తాయి, నుదురు బిగుస్తుంది, బరువంతా ముందుకాళ్ళ మీద పడుతుంది. ఒంట్లో కదలిక ఆగిపోతుంది. పేరు పెట్టి పిలిచినా చెవి తిరగదు, ముక్క పెదవికి తగిలినా తీసుకోదు. దీన్ని చూసి “ఎంత బుద్ధిగా కూర్చుందో” అని మురిసిపోతారు పాపం. అది గురి పెట్టడం. లీష్ గుంజితే ఇంకా బిగుస్తుంది కాబట్టి దాని చూపుకి మీరు అడ్డంగా వచ్చి, మెల్లగా వెనక్కి నడిపించి, ఆ పూటకి ఆపండి. రేపు ఇంకో 3 అడుగులు వెనక్కి జరిగి మొదలుపెట్టండి.

గేటు దాటాక కొన్నాళ్ళు మీ కళ్ళముందే, కుక్క లీష్‌ని నేల మీద ఈడ్చుకుంటూ తిరగాలి. తేడా వస్తే కాలితో తొక్కి పట్టొచ్చు. తరమడం, గురి పెట్టడం ఒక్కసారి కూడా లేకుండా నెల గడిచాకే రెంటినీ ఒంటరిగా వదలడం గురించి ఆలోచించండి. అప్పటిదాకా మీరు బయటికెళ్తే, రాత్రి పడుకుంటే, వేర్వేరు గదులు. కొన్ని కుక్కలకి వేట బుద్ధి ఎంత బలంగా ఉంటుందంటే, వాటిని ఎప్పటికీ పిల్లితో ఒంటరిగా వదలకూడదు. తలుపులూ గేట్లూ పెట్టుకుని ఏళ్ళ తరబడి హాయిగా నడిచే ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. అది ఓటమేమీ కాదు.

ఇప్పటికే హాల్లో వదిలేసినవాళ్ళు కంగారు పడకండి, మీరు చెడగొట్టింది బాగుపడనిది కాదు. ఈ రోజే పిల్లిని గదిలోకి మార్చి మొదటి నుంచి మొదలుపెట్టండి. కాకపోతే ఒక్కో మెట్టుకీ రెట్టింపు సమయం వేసుకోండి.

అపోహ: పిల్లిని ఎత్తుకుని కుక్కకి చూపిస్తే భయం పోతుంది.

వాస్తవం: పారిపోయే దారి మూసేసి భయం పోగొట్టలేరు. కుక్క ఎగురుతుంది, పిల్లి మీ మెడ మీదుగా గోళ్ళు దింపి దూకుతుంది. పిల్లి కరిచిన గాయం త్వరగా చీము పడుతుంది, చేతికో మొహానికో అయితే అదే రోజు డాక్టర్‌కి చూపించుకోండి.

అపోహ: పిల్లి బుసకొడితే మందలించాలి.

వాస్తవం: అది దూరంగా ఉండమని చెప్పే మాట. ఆ మాట నోరు నొక్కేస్తే హెచ్చరిక లేకుండా పంజా లేస్తుంది. కుక్క గుర్రుమన్నా అంతే. తరిమినందుకు కుక్కని కొట్టడం ఇంకా చేటు. పిల్లి కనపడితే దెబ్బలు పడతాయని లెక్కేసుకున్న కుక్కకి పిల్లి మీద ప్రేమెలా పుడుతుంది?

అపోహ: తోక ఊపితే స్నేహం, వెల్లకిలా పడుకుంటే లొంగినట్టు.

వాస్తవం: ఊపే తోక హుషారుని చెబుతుంది, ఆ హుషారు ఎలాంటిదో మిగతా ఒళ్ళు చెబుతుంది. పిల్లి తోక అటూ ఇటూ కొడుతోందంటే చిరాకు. కొట్లాటలో అది వెల్లకిలా పడితే నాలుగు కాళ్ళ గోళ్ళూ సిద్ధం చేసుకున్నట్టు.

అపోహ: రెండూ పిల్లలైతే ఏ జాగ్రత్తా అక్కర్లేదు.

వాస్తవం: చిన్నతనం మంచిదే. పిల్లికూనలు 2 నుంచి 7 వారాల మధ్య, కుక్కపిల్లలు 3 నుంచి 12-14 వారాల మధ్య ఎదుటి జాతిని సులువుగా ఒప్పుకుంటాయి. కానీ కుక్కపిల్ల ఆటలో వేసిన కాలు కూడా కూనని గాయపరచగలదు.

గిన్నెలూ ట్రేలూ కూడా చూసుకోండి. పిల్లి తిండి ఎత్తున పెట్టండి. అందులో కొవ్వు, మాంసకృత్తులు ఎక్కువ, కుక్క కడుపు పాడవుతుంది. కుక్క తిండితో పిల్లిని పెంచితే టారిన్ అనే పోషకం చాలక గుండె జబ్బు, చూపు పోవడం వస్తాయి. గడ్డకట్టే లిటర్‌ని కుక్క మింగితే పేగులో అడ్డుపడొచ్చు, కాబట్టి ట్రే కుక్కకి అందని చోట, పిల్లికి రెండువైపులా దారి ఉండేలా పెట్టండి.

చివరిది, ప్రాణం తీసేది. కుక్కకి పిడుదుల కోసం మెడ మీద వేసే చుక్కల మందు పిల్లికీ వెయ్యొచ్చనుకుంటారు, డోసు తగ్గిస్తే చాలనుకుంటారు. అలాంటి కొన్ని మందుల్లో ఉండే పెర్మెత్రిన్ అనే పురుగుమందుని విరగ్గొట్టే శక్తి పిల్లి కాలేయానికి లేదు. కొద్దిపాటి మోతాదుకే వణుకు, ఫిట్స్ వస్తాయి. కుక్కకి వేసినా సరే, దాన్ని పిల్లి నాకొచ్చు, ఆనుకుని పడుకోవచ్చు. పిల్లి ఉన్న ఇంట్లో ఆ మందు లేని రకం రాసివ్వమని డాక్టర్‌ని అడగండి. కుక్కకి ఇప్పటికే వేసేసి ఉంటే 3 రోజులు రెంటినీ విడిగా ఉంచండి. పిల్లి చెవులు, చర్మం అదురుతున్నట్టు కనిపిస్తే మందు ప్యాకెట్ చేతిలో పట్టుకుని వెంటనే ఆస్పత్రికి బయల్దేరండి.