పేరు ముందు పద్మ: బిరుదుల పేచీకి డెబ్బై ఏళ్లు

హైదరాబాద్‌లో ఏ ప్రజాప్రతినిధికి అవార్డు వచ్చినా తెల్లారేసరికి ఫ్లెక్సీలు లేస్తాయి. అవార్డు వెళ్లి పేరు ముందు కూర్చుంటుంది. ఆ నాయకుడు లాయరు కూడా అయితే చూడటానికి చిత్రంగా ఉంటుంది. అలా పెట్టుకోకూడదని మిగతావాళ్ల కంటే ఆయనకే బాగా తెలియాలి కదా!

నిజాం దర్బారులో జంగ్, దౌలా, ముల్క్ అంటూ బిరుదులకు అంతస్తులుండేవి. మొదటి సాలార్‌జంగ్ అసలు పేరు మీర్ తురాబ్ అలీఖాన్ అంటే ఈ ఊళ్లోనే చాలామందికి తెలియదు. 1950లో రాజ్యాంగం 18వ అధికరణం ఆ ముచ్చటకు తెర దించింది. సైనిక, విద్యా హోదాలు తప్ప ప్రభుత్వం బిరుదులివ్వరాదంది. 1954లో భారతరత్న, పద్మ పురస్కారాలు మొదలవగానే ఇవి మాత్రం బిరుదులు కావా అన్న ప్రశ్న లేచింది. వాటిని రద్దు చేయాలని ఆచార్య కృపలానీ 1969లో పెట్టిన బిల్లు నెగ్గలేదు. 1977లో జనతా ప్రభుత్వం ఆపేసింది, 1980లో మళ్లీ వచ్చాయి. చివరికి 1995 డిసెంబరులో బాలాజీ రాఘవన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది: అవార్డులు చెల్లుతాయి, పేరుకు ముందూ వెనకా తగిలిస్తే మాత్రం వెనక్కి తీసుకోవచ్చు.

మాడపాటి హనుమంతరావు వకీలు, హైదరాబాద్ మేయరు, 1958 నుంచి 1964 దాకా శాసనమండలి ఛైర్మన్. 1955లోనే పద్మభూషణ్ వచ్చింది. అది ఇప్పుడెవరికి గుర్తు? జనం నోట నిలిచింది ‘ఆంధ్ర పితామహ’. 18వ అధికరణం ప్రభుత్వాన్ని కట్టేసింది గానీ జనాన్ని కాదు. మరో వకీలు కొండా వెంకట రంగారెడ్డి పేరైతే 1978లో ఏకంగా జిల్లాకే పెట్టారు.

పీవీ నరసింహారావు సంగతి ఇంకా విచిత్రం. బూర్గుల రామకృష్ణారావు దగ్గర జూనియర్ లాయరుగా పనిచేసి, 1957లో మంథని నుంచి అసెంబ్లీకి వచ్చి, న్యాయశాఖ మంత్రి, ముఖ్యమంత్రి, ప్రధాని అయ్యారు. 2004లో కన్నుమూశారు. 2009లో మెహదీపట్నం ఫ్లైఓవర్‌కు ఆయన పేరొచ్చింది. భారతరత్న ఇవ్వాలని 2020లో తెలంగాణ అసెంబ్లీ తీర్మానించింది. అది వచ్చేసరికి 2024.

పద్మ పురస్కారాల్లో న్యాయవాద వృత్తి, రాజకీయం రెండూ ప్రజా వ్యవహారాల విభాగం కిందికే వస్తాయి. మరణానంతరం ఇచ్చేవి, విదేశాల్లో ఉన్నవాళ్లవి పక్కనపెడితే ఏటా 120కి మించవు. ఎవరి పేరునైనా ఎవరైనా ప్రతిపాదించవచ్చు, ఎవరి పేరు వాళ్లు పంపుకున్నా అభ్యంతరం లేదు.