ఒక్క చాంపియన్ లేకుండా జట్టు టైటిల్: అమెరికా కాలేజీ కుస్తీలో పాయింట్ల లెక్క

2001 మార్చిలో అయోవా సిటీలో జరిగిన అమెరికా జాతీయ కాలేజీ కుస్తీ పోటీల్లో మిన్నెసోటా విశ్వవిద్యాలయం జట్టు టైటిల్ గెలిచింది. ఆ జట్టు నుంచి ఒక్కరూ చాంపియన్ కాలేదు. అసలు ఒక్కరూ ఫైనల్‌కే చేరలేదు. అయినా 138.5 పాయింట్లతో ఆతిథ్య జట్టు అయోవాను వెనక్కి నెట్టింది. పది బరువు విభాగాల్లో దిగిన పదిమందీ మొదటి ఎనిమిది స్థానాల్లో ఎక్కడో ఒకచోట నిలవడమే దీనికి కారణం. సగటున ఒక్కొక్కరు దాదాపు 14 పాయింట్లు తెచ్చారు.

ఒలింపిక్స్, ప్రపంచ చాంపియన్‌షిప్‌లు చూసే మనకు ఇది వింతగా అనిపిస్తుంది. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో జట్టు పట్టికకు స్వర్ణం 25 పాయింట్లు, రజతం 20, కాంస్యం 15 తెస్తాయి. ప్రత్యర్థిని చిత్తు చేసి గెలిచినా, ఒక్క పాయింటు తేడాతో బయటపడినా పట్టికలో తేడా ఉండదు. అమెరికా కాలేజీ కుస్తీ వేరే దారిలో నడిచింది. ఎంత దూరం వెళ్లావు, ఎలా గెలిచావు, ఓడిపోయాక ఏం చేశావు అనే మూడింటినీ అది లెక్కిస్తుంది.

ఒక్కో విభాగంలో 33 మంది పోటీపడతారు. విజేతకు 16, రెండో స్థానానికి 12, మూడుకు 10, నాలుగుకు 9, ఆపైన 7, 6, 4, 3 పాయింట్లు వస్తాయి. ఇవి కాక, ఇంకా ఓడనివారి ప్రధాన వరుసలో గెలిచి ముందుకు వెళ్లిన ప్రతిసారీ ఒక పాయింటు, ఒకసారి ఓడినవారు మూడో స్థానం, ఆ కింది స్థానాల కోసం తలపడే వరుసలో అయితే అర పాయింటు. గెలుపు తీరును బట్టి బోనస్ కూడా ఉంది. ప్రత్యర్థి భుజాలు చాపకు ఆనించి చిత్తు చేస్తే 2, పదిహేను పాయింట్ల ఆధిక్యంతో ఆట ముగించే టెక్నికల్ ఫాల్‌కు 1.5, ఎనిమిది నుంచి పద్నాలుగు పాయింట్ల తేడాతో గెలిస్తే 1.

ఇక్కడ కాస్త ఆగి కూడిక చేసి చూడాలి. బోనస్ లేకుండా చాంపియన్ అయిన కుస్తీవీరుడు జట్టుకు 20 పాయింట్లు తెస్తాడు: స్థానానికి 16, ఫైనల్ దాకా నాలుగు గెలుపులకు నాలుగు. ఐదు కుస్తీల్లోనూ ప్రత్యర్థులను చిత్తు చేస్తే అది 30 అవుతుంది. సెమీఫైనల్లో ఓడి, మళ్లీ లేచి రెండు కుస్తీలు గెలిచి మూడో స్థానం తెచ్చుకున్నవాడు 13.5 తెస్తాడు. అంటే ఇద్దరు మూడో స్థానంవాళ్లు కలిస్తే ఒక చాంపియన్ కంటే ఎక్కువ. మిన్నెసోటా రహస్యం అదే. సెమీఫైనల్లో కల చెదిరిన కుర్రవాడు మర్నాడు పొద్దున మళ్లీ చాప మీదికి వచ్చి సహచరుల కోసం అర పాయింటుకు పోరాడటం నాకు ఈ ఆటలో అన్నిటికంటే గొప్పగా కనిపిస్తుంది. ఆ అర పాయింటుకు విలువ కట్టిన పద్ధతిని అందుకే గౌరవిస్తాను.

ఈ పద్ధతి ఒక్కరోజులో పుట్టింది కాదు. 1928లో అయోవా రాష్ట్రంలోని ఏమ్స్‌లో తొలి జాతీయ టోర్నీ జరిగినప్పుడు అది ప్రధానంగా వ్యక్తుల పోటీ. ఎడ్ గల్లఘర్ శిక్షణలోని ఓక్లహోమా ఎ అండ్ ఎం జట్టుకు (నేటి ఓక్లహోమా స్టేట్) దక్కిన ఆ ఏటి జట్టు టైటిల్‌ను ఇప్పటికీ అనధికారికంగానే లెక్కిస్తారు. ఆ రోజుల్లో చిత్తు కాకపోతే, ఎవరు ఎంతసేపు పైచేయిగా ఉన్నారన్న సమయాన్ని బట్టి గెలుపు తేల్చేవారు. గల్లఘర్ తర్వాత అదే జట్టుకు కోచ్ అయిన ఆర్ట్ గ్రిఫిత్ రూపొందించిన పాయింట్ల పద్ధతి 1941లో అమల్లోకి వచ్చింది. ఏ పట్టుకు ఎన్ని పాయింట్లో తేలింది కాబట్టే, ఎంత తేడాతో గెలిచారన్న దానికి అర్థం వచ్చింది. నేటి బోనస్ లెక్కకు పునాది అక్కడే పడింది. ఇక మొదటి ఎనిమిది స్థానాలకూ విలువ ఇవ్వడం 1970ల చివర్లో గానీ రాలేదు.

జట్టు అనే భావన వ్యక్తి కంటే ఎంత పెద్దదో 1970లోనే తెలిసింది. కాలేజీ కుస్తీల్లో అప్పటిదాకా ఓటమి ఎరుగని డాన్ గేబుల్ తన చివరి ఫైనల్లో లారీ ఓవింగ్స్ చేతిలో ఓడిపోయాడు. దేశమంతా ఆ ఓటమి గురించే మాట్లాడుకుంది. కానీ ఆ ఏడాది జట్టు టైటిల్ గేబుల్ జట్టు అయోవా స్టేట్‌దే. తర్వాత కోచ్‌గా మారిన గేబుల్ అయోవా విశ్వవిద్యాలయాన్ని పదిహేనుసార్లు విజేతగా నిలిపాడు. చివరిదైన 1997లో ఐదుగురు చాంపియన్లతో ఆ జట్టు చేసిన 170 పాయింట్ల రికార్డు 27 ఏళ్లు నిలిచింది.

ఎలా గెలిచారన్న దానికి ఎంత బరువుందో చెప్పడానికి 2018 కంటే మంచి ఉదాహరణ లేదు. క్లీవ్‌లాండ్‌లో పెన్ స్టేట్, ఒహాయో స్టేట్ హోరాహోరీగా తలపడ్డాయి. 184 పౌండ్ల ఫైనల్లో పెన్ స్టేట్ వీరుడు బో నికల్, ఒహాయో స్టేట్ వీరుడు మైల్స్ మార్టిన్‌ను చిత్తు చేశాడు. చివరికి పెన్ స్టేట్‌కు 141.5, ఒహాయో స్టేట్‌కు 133.5. ఆ ఒక్క కుస్తీ ఫలితం తిరగబడి, మార్టిన్ మామూలు తేడాతో గెలిచి ఉంటే? ఆ గెలుపుతో నికల్ అదనంగా తెచ్చిన ఆరు పాయింట్లు (16, 12ల తేడా నాలుగు, చిత్తుకు రెండు) పోయి పెన్ స్టేట్ 135.5 దగ్గర ఆగేది. నాలుగు పాయింట్లు కలిసి ఒహాయో స్టేట్ 137.5తో టైటిల్ ఎత్తుకుపోయేది.

2023-24 సీజన్‌లో మరో మార్పు వచ్చింది. నిలబడి ఉన్న ప్రత్యర్థిని పడగొట్టి అదుపులోకి తెచ్చుకునే టేక్‌డౌన్‌కు రెండు పాయింట్ల బదులు మూడు ఇవ్వడం మొదలైంది. పైకి చిన్న సవరణే. కానీ ప్రత్యర్థిని పడగొట్టి, వదిలి, మళ్లీ పడగొట్టే బలవంతుడికి ఇది వరం. తప్పించుకున్నందుకు ప్రత్యర్థికి ఒక పాయింటు పోయినా, ఇప్పుడు ప్రతి విడతలో ఒకటికి బదులు రెండు పాయింట్లు మిగులుతాయి. ఆ దారిలో టెక్నికల్ ఫాల్‌కు మునుపు 14 టేక్‌డౌన్లు కావాలి, ఇప్పుడు ఏడు చాలు. ఆ మొదటి ఏడాదే కేల్ శాండర్సన్ శిక్షణలోని పెన్ స్టేట్ 172.5 పాయింట్లతో అయోవా రికార్డును దాటింది. మరుసటి ఏడాది 177కు చేరింది. రెండో స్థానంలోని నెబ్రాస్కా అరవై పాయింట్లు వెనుక ఉంది. పెన్ స్టేట్ గొప్పతనం నియమం ఇచ్చింది కాదు. 2025లో దానికి చాంపియన్లు ఇద్దరే, అయితే మిన్నెసోటాలాగే పదికి పదిమందీ స్థానాలు సాధించారు. కానీ బోనస్ తేలికైతే, ఉన్నవాడికే మరింత పెట్టినట్టవుతుందన్నది నా ఆందోళన.

అసలు జట్టు టైటిల్‌ను టోర్నీతో తేల్చకూడదని, రెండు జట్లు ముఖాముఖి తలపడే పోటీలతో తేల్చాలని వాదించేవారూ ఉన్నారు. ఆ పోటీల్లో మామూలు గెలుపుకు 3, పెద్ద తేడాకు 4, టెక్నికల్ ఫాల్‌కు 5, చిత్తు చేస్తే 6. లెక్క సులువు, ప్రేక్షకుడికి వెంటనే అర్థమవుతుంది. ఆ వాదనలో బలం లేకపోలేదు. కానీ అక్కడ ఓడినవాడికి ఆ రోజు మరో కుస్తీ ఉండదు, అర పాయింటు కోసం తిరిగివచ్చే దారి ఉండదు. ఈ ప్రతిపాదన 2010ల ఆరంభంలో గట్టిగా ముందుకు వచ్చినా కోచ్‌లు రెండుగా చీలిపోయారు. జాతీయ జట్టు టైటిల్ ఇప్పటికీ మార్చిలో జరిగే ఆ మూడు రోజుల టోర్నీలోనే తేలుతోంది.