బ్యాక్టీరియా మాట ఆగితే ఇన్ఫెక్షన్ తగ్గినట్టేనా?

అపోహ: మొక్కల్లోని పదార్థాలు క్వోరమ్ సెన్సింగ్‌ని (బ్యాక్టీరియా రసాయన సిగ్నల్స్‌తో ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడాన్ని) ఆపేస్తాయి కాబట్టి ఇక యాంటీబయాటిక్ అక్కర్లేదు.

నా ల్యాబ్ పని ఇదేనని తెలిసిన ప్రతివాళ్లూ అడిగేది ఇదే. ఇంట్లో ఒకరికి పుండు మానక టెన్షన్ పడుతున్నవాళ్లు అడిగితే అర్థం చేసుకోగలను. సగం చదివి నలుగురికీ పంపించేవాళ్లతోనే నా పేచీ.

వాస్తవం: మాట ఆపడం వేరు, చంపడం వేరు. మేం పరీక్షకి వాడే క్రోమోబాక్టీరియం వయొలేసియం సీవీ026 అనే బ్యాక్టీరియా రకం ఆ సిగ్నల్‌ని సొంతంగా తయారు చేసుకోలేదు. బయటి నుంచి ఏహెచ్ఎల్ అనే సిగ్నల్ రసాయనం అందిస్తేనే ఊదా రంగు వస్తుంది. మొక్క సారం పనిచేస్తే, దాన్ని అద్దిన చిన్న కాగితపు డిస్క్ చుట్టూ ఆ రంగు రాదు. కొత్తగా చేరిన ఒక అమ్మాయి అది చూసి "చచ్చిపోయాయండీ!" అని సంబరపడింది. ప్లేటు వెలుతురుకి ఎత్తి చూడమన్నాను. రంగు లేని ఆ వలయం నిండా బ్యాక్టీరియా మసకగా, దట్టంగా పెరిగి ఉంది. నిజంగా చచ్చి ఉంటే అక్కడ అగార్ (బ్యాక్టీరియాని పెంచే జెల్లీ) తేటగా కనిపించేది. అలా బతికున్నవాటిని శరీరంలోంచి తొలగించడానికి రోగనిరోధక శక్తో, యాంటీబయాటికో కావాల్సిందే.

వెల్లుల్లినే తీసుకోండి. అందులోంచి వచ్చే అజోయీన్ అనే పదార్థం సూడోమోనాస్ బ్యాక్టీరియా క్వోరమ్ సెన్సింగ్‌ని అణచడం నిజం, ఎలుకల్లో మంచి ఫలితాలు రావడమూ నిజం. కానీ సిస్టిక్ ఫైబ్రోసిస్ (ఊపిరితిత్తుల్ని దెబ్బతీసే జన్యు వ్యాధి) రోగులకు వెల్లుల్లి ఇచ్చి చూసిన చిన్న ట్రయల్ ఫలితాలు 2010లో వచ్చాయి. ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లతో పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా లేదు. నాకు ఈ రంగం మీద ఆశ ఉంది, అయితే అది యాంటీబయాటిక్‌కి తోడుగా. ల్యాబ్‌లో వెల్లుల్లి సారం తగిలిన సూడోమోనాస్ బయోఫిల్మ్ (బ్యాక్టీరియా గుంపుగా అతుక్కుని కట్టే జిగట పొర) టోబ్రామైసిన్ అనే యాంటీబయాటిక్‌కి త్వరగా లొంగింది. ఆ టోబ్రామైసినే మానేస్తే ఇక మిగిలేదేముంది?

అపోహ: మాట ఆపే ఈ పదార్థాలకు బ్యాక్టీరియాలో రెసిస్టెన్స్ రాదు.

వస్తుంది. క్వోరమ్ సెన్సింగ్‌ని ఆపే బ్రోమినేటెడ్ ఫ్యూరనోన్ అనే రసాయనాన్ని కణంలోంచి బయటికి తోడేసే సూడోమోనాస్ మ్యూటెంట్లు (జన్యువులు మారిన రకాలు) 2012లోనే బయటపడ్డాయి.

అపోహ: ఒకే పదార్థం అన్ని బ్యాక్టీరియాల మీదా పనిచేస్తుంది.

ఏహెచ్ఎల్ సూడోమోనాస్ లాంటి గ్రామ్ నెగటివ్ రకం బ్యాక్టీరియాది. స్టెఫైలోకాకస్ ఆరియస్ పెప్టైడ్‌లతో మాట్లాడుతుంది. పైగా ఆ మాటలు నడిపే దాని ఏజీఆర్ వ్యవస్థని ఆపితే టాక్సిన్లు తగ్గినా బయోఫిల్మ్ ఇంకా దట్టమవుతుంది. కాథెటర్ ఉన్న రోగికి అది మరింత ముప్పు.

ఇప్పటికే ఏదైనా మూలికా క్యాప్సూల్ వాడుతుంటే దాచకుండా డాక్టర్‌కి చెప్పండి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు వెల్లుల్లి క్యాప్సూల్స్ కూడా వేసుకుంటే రక్తస్రావం ప్రమాదం పెరగొచ్చు. యాంటీబయాటిక్ కోర్సు మాత్రం మీ అంతట మీరు మధ్యలో ఆపకండి.