లవం కనిపిస్తుంది, హారం కనిపించదు

ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు. వేల మంది సభ్యులున్న ఒక ఆన్‌లైన్ చర్చా బృందంలో ఆవిడ చాలాకాలంగా ఉన్నారట. "విడిగా మాట్లాడితే మా గ్రూపులో ఒక్కొక్కరూ ఎంతో నెమ్మదస్తులు. నెలల తరబడి ఏ గొడవా ఉండదు. ఒకరోజు ఎవరో ఓ మాట అంటారు. పొద్దున లేచి చూస్తే మూడొందల జవాబులు, ఇద్దరు గ్రూపు వదిలి వెళ్ళిపోయి ఉంటారు. అంతకు ముందు దాదాపు అలాంటి మాటే ఇంకొకరు అంటే ఎవరూ పట్టించుకోలేదు. మనుషులు రాత్రికి రాత్రి ఇలా ఎందుకు మారిపోతారండీ?"

మారకపోయినా ఇలా జరుగుతుంది. ఎలాగో లెక్క వేసి చూపించవచ్చు. ఆ లెక్కంటే నాకు మహా ఇష్టం.

మామూలుగా చెప్పే కారణాలు మీకు తెలిసినవే. పేరు దాచుకుంటే నోరు లేస్తుంది, ఎదుటివాడి మొహం కనిపించదు, రాతలో వ్యంగ్యం తెలియదు. ఇవి అబద్ధాలేమీ కావు. వ్యంగ్యం మీద 2005లో జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ బృందం ప్రచురించిన చక్కటి ప్రయోగం ఉంది. కొన్ని వాక్యాలు వ్యంగ్యంగా, కొన్ని సీరియస్‌గా రాయించి ఈమెయిల్లో పంపించారు. చదివేవాళ్ళు 78 శాతం సరిగ్గా పోల్చుకుంటారని రాసినవాళ్ళు అనుకున్నారు. పోల్చుకున్నది 56 శాతం. కళ్ళు మూసుకుని ఊహించినా 50 వస్తుంది. అవే మాటలు గొంతుతో చెబితే 73 వచ్చింది. ఇక పేరు దాచుకోవడం సంగతి మాత్రం అంత తేటగా లేదు. దక్షిణ కొరియా 2007లో పెద్ద వెబ్‌సైట్లలో రాసేవాళ్ళకి అసలు గుర్తింపు తప్పనిసరి చేసింది. దానివల్ల చెడు రాతలు తగ్గిన దాఖలా లేదంటూ 2012లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఆ చట్టాన్ని కొట్టేసింది.

అయినా ఈ కారణాలతో ఆవిడ ప్రశ్నకి జవాబు రాదు. ముసుగు ప్రతిరోజూ ఉంది, వ్యంగ్యం ప్రతిరోజూ అర్థం కాదు. మరి గొడవ ఆ రోజే ఎందుకు?

1978లో మార్క్ గ్రానొవెటర్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త ఒక వ్యాసం రాశాడు. అప్పటికి ఇంటర్నెట్ గొడవలు లేవు. ఆయన వీధి అల్లర్ల గురించి ఆలోచిస్తున్నాడు. ఆయన ఊహ ఇది: ప్రతి మనిషికీ ఒక గడప ఉంటుంది. తనకంటే ముందు ఎంతమంది దిగితే తానూ దిగుతాడో ఆ సంఖ్యే అతని గడప. మన విషయానికి తెచ్చుకుంటే, ఒకరిని ఎంతమంది తిట్టాక నేనూ ఒక మాట వేస్తాను అన్నది నా గడప. గడప సున్నా ఉన్నవాడు ఎవరి కోసమూ ఆగడు. గడప 60 ఉన్నవాడు అరవై మంది అన్నాక గానీ "అవును, మీరన్నది తప్పే" అని ఒక్క ముక్క రాయడు.

వంద మంది ఉన్న గ్రూపు తీసుకోండి. గడపలు వరుసగా 0, 1, 2, 3... అలా 99 దాకా. సున్నావాడు మొదలుపెడతాడు. ఒకరు రాశారు కాబట్టి 1 వాడు దిగుతాడు. ఇద్దరయ్యారు కాబట్టి 2 వాడు. చివరికి నూరుగురూ తిట్టేస్తారు. బయటినుంచి చూసినవాళ్ళు "ఆ గ్రూపంతా కోపిష్టి జనం" అంటారు.

ఇప్పుడు ఒక్క మార్పు. గడప 1 ఉన్న మనిషిని తీసేసి ఆ స్థానంలో గడప 2 ఉన్న ఇంకొకరిని పెట్టండి. సున్నావాడు యథాప్రకారం మొదలుపెడతాడు. రాసింది ఒక్కరే. ఒక్కరిని చూసి దిగేవాడు గ్రూపులో లేడు. 2 వాళ్ళు ఇద్దరున్నారు గానీ ఇద్దరూ ఇంకొకరి కోసం చూస్తున్నారు. కథ అక్కడితో సరి. "ఎవడో ఒక పొగరుబోతు ఏదో వాగాడు, మిగతా తొంభై తొమ్మిది మందీ సంస్కారవంతులు" అంటారు చూసినవాళ్ళు. మొదటి గ్రూపులో గడపల సగటు 49.5, రెండోదానిలో 49.51. ఒకచోట నూరు, ఒకచోట ఒకటి.

ఇదే లెక్కతో ఇంకాస్త ఆడుకోవచ్చు. గడప 40 ఉన్నవాడు ఆ రాత్రి నిద్రపోయాడనుకోండి. 0 నుంచి 39 దాకా నలభై మంది దిగుతారు. తర్వాతివాడికి నలభై ఒకటి కావాలి. ఒక్క మనిషి తక్కువై గొడవ సగంలో ఆగిపోతుంది. గడప 90 వాడు నిద్రపోతే తొంభై మంది తిట్టుకున్నాక ఆగుతుంది. నిద్రపోయింది సున్నావాడే అయితే ఆ రోజు గ్రూపులో అసలేమీ జరగదు. మాట అదే, మనుషులు వాళ్ళే, ఎవరు మెలకువగా ఉన్నారన్నదే తేడా. గొడవ పెద్దదైతే దాని వెనక అంత పెద్ద కారణం ఉండాలని మన బుర్ర పట్టుబడుతుంది. ఎవరి దిష్టో తగిలిందనో, గ్రహాలు బాగాలేవనో అనేవాళ్ళూ ఉంటారు. పౌర్ణమికి పిచ్చి ముదురుతుందన్న నమ్మకం మీద వచ్చిన 37 అధ్యయనాలను 1985లో ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కలిపి చూస్తే పస ఏమీ కనబడలేదు. చంద్రుణ్ణి వదిలేయండి, 40 వాడు పడుకున్నాడా లేదా అని అడగండి.

గడపలు అంత చక్కగా వరుసలో ఉండవు కదా అని మీరు అడగవచ్చు. గ్రానొవెటరూ అడిగాడు. ఇక్కడ కాస్త ఓపిక పట్టండి. వంద మంది గడపల సగటు 25 అనుకుందాం. అవి గంట ఆకారపు వక్రరేఖలో సర్దుకుని ఉన్నాయి, అంటే చాలామంది 25కి దగ్గరగా, కొద్దిమంది దూరంగా. గడప సున్నాకంటే కిందకి పోతే వాడు ఎవరికోసమూ ఆగని రకం. ఇప్పుడు ఆ చెదరు ఎంతుందన్నది, అంటే క్రమ విచలనం, కొద్దికొద్దిగా పెంచుతూ పోదాం. 12 దగ్గర గొడవ నలుగురితో ఆగుతుంది. 12.2 దగ్గర ఆరుగురితో. అది కాస్త దాటిందా, దాదాపు నూరుగురూ దిగుతారు. పన్నెండు మంది, ఇరవై మంది, యాభై మంది అనే మధ్య మెట్లే లేవు.

ఎందుకో కాగితం మీద గీస్తే తెలుస్తుంది. అడ్డంగా ఇప్పటిదాకా దిగినవాళ్ళ సంఖ్య, నిలువుగా ఆ సంఖ్యని చూసి దిగడానికి ఒప్పుకునేవాళ్ళ సంఖ్య. రెండూ సమానమైనచోట గొడవ ఆగుతుంది. విచలనం 12 ఉన్నప్పుడు వక్రరేఖ సమాన రేఖని మూడుచోట్ల తాకుతుంది: సుమారు 4 దగ్గర, 9 దగ్గర, 100 దగ్గర. విచలనం పెరిగే కొద్దీ 4, 9 ఒకదానివైపు ఒకటి జరుగుతాయి, 12.2 దగ్గర ఒకదాన్నొకటి తాకి మాయమవుతాయి. ఆ తర్వాత ఆగడానికి పైన 100 దగ్గర తప్ప ఎక్కడా చోటు లేదు. అసలు విశేషం ఆ 9లో ఉంది. విచలనం 12 ఉన్న గ్రూపు తన మానాన తానుంటే నలుగురితో సద్దుమణిగేది. బయటినుంచి ఓ ఆరుగురు వచ్చి పడితే లెక్క తొమ్మిది దాటుతుంది, ఇక నూరు దాకా ఆగదు. ఇది ఊరికే ఊహ కాదు. 2018లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు రెడ్డిట్ అనే చర్చల వెబ్‌సైటులోని బృందాల మధ్య దాడులని లెక్కపెడితే, ఒక శాతం కంటే తక్కువ బృందాలు 74 శాతం ఘర్షణలను మొదలుపెట్టాయని తేలింది.

బడిలో సగటు కట్టడం ఏళ్ళ తరబడి నేర్పుతాం. చెదరు గురించి పరీక్షలకి ముందు హడావిడిగా ఒక సూత్రం ఇచ్చి వదిలేస్తాం. నాకు ఒళ్ళు మండే విషయాల్లో ఇదొకటి. గ్రూపులో సగటు మనిషి మంచివాడే అన్న మాట పూర్తిగా నిజమై కూడా ఏ పనికీ రాకుండా పోవచ్చు.

ఇంతవరకూ చెప్పింది వీధికీ వర్తిస్తుంది. తెర మీద తేడా ఏమిటి?

వీధిలో రాయి విసిరేవాళ్ళే కాదు, చేతులు కట్టుకుని నిలబడ్డవాళ్ళూ కనిపిస్తారు. పదిమంది విసిరారు, రెండొందల మంది ఊరుకున్నారు అని కంటికి తెలుస్తుంది. తెర మీద ఊరుకున్నవాళ్ళు కనిపించరు. పెద్ద ఆన్‌లైన్ సముదాయాల్లో తొంభై శాతం మంది చదివి ఊరుకుంటారని, తొమ్మిది శాతం అప్పుడప్పుడూ రాస్తారని, ఒక్క శాతమే అస్తమానం రాస్తారని 2006లో జేకబ్ నీల్సన్ అనే వెబ్ నిపుణుడు ఒక ఉజ్జాయింపు సూత్రం చెప్పాడు. అంకెలు ఒక్కోచోట ఒక్కోలా ఉన్నా ధోరణి అదే. "47 జవాబులు" అని తెర చెబుతుంది. ఎంతమంది చదివి ఊరుకుంటే ఈ నలభై ఏడు వచ్చాయో చెప్పదు. లవం ఉంది, హారం లేదు.

హారం లేకపోతే ఏమవుతుందో పై లెక్కలోనే చూడవచ్చు. వంద మంది బదులు వెయ్యి మందిని తీసుకోండి. గడపలు అవే, 0 నుంచి 99. ఒక్కో గడప దగ్గర పదేసి మంది. మొదట పది మంది సున్నావాళ్ళు రాస్తారు. పది కనిపించగానే గడప 10 దాకా ఉన్నవాళ్ళందరూ దిగుతారు, మొత్తం నూట పది. నూట పది అంటే అందరి గడపలూ దాటిపోయినట్టే. మిగతావాళ్ళందరూ ఒక్కసారి మీద పడతారు. వంద మంది గ్రూపుకి నూరు మెట్లు పట్టింది, వెయ్యి మంది గ్రూపుకి మూడు. పైగా ఇక్కడ 1 వాడు మారినా, 40 వాడు నిద్రపోయినా ఫరక్ పడదు, ఆ స్థానంలో ఇంకో తొమ్మిది మంది ఉన్నారు. మనుషులు శాతాన్ని కాకుండా సంఖ్యనే చూసి కదిలితే, గ్రూపు పెరిగిన కొద్దీ అది అంటుకోవడం తేలికవుతుంది.

అదే మనుషులు శాతాన్ని చూసి కదిలితే? 2002లో డంకన్ వాట్స్ అనే సామాజిక శాస్త్రవేత్త ఆ లెక్క వేశాడు. చుట్టూ ఉన్నవాళ్ళలో ఫలానా వంతు కదిలితేనే తానూ కదిలే మనుషుల వల అది. ఇలాంటి వలలో ఎక్కువమందితో సంబంధం ఉన్నవాడు గట్టిగా నిలబడతాడు, ఎందుకంటే ఒకరిద్దరి అరుపు అతనికి చిన్న భిన్నం. సంబంధాలు చిక్కబడే కొద్దీ పెద్ద కార్చిచ్చులు అరుదవుతాయి. కాకపోతే అరుదుగా అంటుకున్నప్పుడు దాదాపు వలంతా పోతుంది. నెలల తరబడి నిశ్శబ్దం, ఉన్నట్టుండి మూడొందల జవాబులు అన్నది ఇలాంటి వలకి పుట్టుకతో వచ్చిన లక్షణం.

లవాన్ని కూడా పూర్తిగా నమ్మలేం. 2013లో లెవ్ ముచ్నిక్, సినాన్ అరల్, షాన్ టేలర్ ఒక వార్తా చర్చల సైటులో లక్షకు పైగా వ్యాఖ్యల మీద ప్రయోగం చేశారు. కొన్నిటికి, పుట్టగానే, లాటరీ పద్ధతిలో ఒక్క దొంగ లైక్ తగిలించారు. వాటి చివరి స్కోరు సగటున 25 శాతం పెరిగింది. దొంగ డిస్‌లైక్ తగిలిస్తే మాత్రం జనం సరిచేసేశారు.

గడపలు కూడా రాతి గడపలు కావు. 2017లో జస్టిన్ చెంగ్ బృందం కొందరికి తేలిక ప్రశ్నలు, కొందరికి చిరాకు పుట్టించే కష్టమైన ప్రశ్నలు ఇచ్చి, ఆ తర్వాత ఒక వార్త కింద వ్యాఖ్య రాయమంది. కొందరికి పైన మర్యాదైన వ్యాఖ్యలు కనిపించాయి, కొందరికి బూతులు. మనసు బాగుండి, పైన మర్యాద కనిపించినప్పుడు వచ్చిన వ్యాఖ్యల్లో 35 శాతం చెత్తవి. చిరాకూ బూతులూ రెండూ ఉన్నప్పుడు 68 శాతం. దారినపోయే మామూలు మనుషులు వీళ్ళు, పేరుమోసిన గొడవకారులు కారు. గ్రూపు వదిలి వెళ్ళిన ఆ ఇద్దరి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అలా వెళ్ళిపోయేది గడప ఎత్తుగా ఉన్నవాళ్ళే అనుకుందాం. వాళ్ళు పోతే మిగిలినవాళ్ళ సగటు ఎవరూ మారకుండానే దిగిపోతుంది. తర్వాతి గొడవకి గ్రూపు ముందుకంటే సిద్ధంగా ఉంటుంది.

అడ్డుచెప్పేవాళ్ళకీ గడపలుంటాయని మరిచిపోతాం. "ఆగండి, ఆయన అన్నది అది కాదు" అని రాయాలనుకునేవాడు కూడా ఇంకొకరెవరైనా ముందు అంటారేమోనని చూస్తుంటాడు. 1950లలో సాలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త గీతల పొడవులు పోల్చమన్న ప్రయోగాల్లో, గదిలో మిగతా అందరూ (వాళ్ళు ఆష్ ముందే కుదుర్చుకున్న మనుషులు) ఒకే తప్పు జవాబు చెబితే, అసలు మనిషి దాదాపు మూడో వంతు సార్లు ఆ తప్పుతో గొంతు కలిపాడు. సరైన జవాబు చెప్పే తోడు ఒక్కరు దొరికితే ఆ తప్పులు అంతకుముందున్నవాటిలో నాలుగో వంతుకి పడిపోయాయి. అంటే ఇక్కడా సున్నాకీ ఒకటికీ మధ్య దూరమే పెద్దది. గొడవ గొలుసు, వారింపు గొలుసు పక్కపక్కనే పరిగెడుతుంటాయి. మొదటిదానికి సున్నావాళ్ళు ఎప్పుడూ దొరుకుతారు, రెండోదానికే కరువు.

నిర్వాహకులు ఏం చేయాలంటారా? అందరికంటే ఘాటుగా తిట్టినవాణ్ణి వెతికి బయటికి పంపడం ఇష్టమైన మందు. పై లెక్క ప్రకారం సున్నావాడి ఖాళీని రేపు ఇంకో సున్నావాడు పూరిస్తాడు. దానికన్నా నేథన్ మటియాస్ అనే పరిశోధకుడు 2019లో ప్రచురించిన ప్రయోగం నాకు నచ్చింది. రెడ్డిట్ సైన్స్ విభాగంలో 2,190 చర్చల్లో కొన్నిటికి మాత్రమే పైన నియమాలు అతికించి చూశారు. కొత్తవాళ్ళు నియమాలు పాటించడం 8 శాతం పాయింట్లకు పైగా పెరిగింది. కొత్తగా మాట్లాడేవాళ్ళు సగటున 70 శాతం పెరిగారు. ఊరుకున్న జనం తరఫున ఆ నోటీసు మాట్లాడిందని నా అభిప్రాయం. హారాన్ని తెచ్చి పైన రాసిపెట్టినట్టు.

ఒక్కొక్కరు కొన్ని నిమిషాలకి ఒక్కసారే రాయగలిగేలా చేసే స్లో మోడ్ ఇంకో మందు. గ్రానొవెటర్ లెక్కలో దీనికి విలువ లేదు. ఆ లెక్కలో కాలమే లేదు, నూరుగురూ నిదానంగానైనా గడప దాటేస్తారు. కానీ చెంగ్ బృందం చూసినదాని ప్రకారం, ఒకసారి చెత్త రాసినవాడు వెంటనే మళ్ళీ రాస్తే అదే రకంగా రాసే అవకాశం ఎక్కువ, ఎడం పెరిగితే అది తగ్గుతుంది. కోపంతో దిగిన గడప కోపం చల్లారాక మళ్ళీ లేస్తుందన్నమాట. దిగే వేగాన్నీ లేచే వేగాన్నీ లెక్కలోకి తేవాలంటే అంటువ్యాధుల సమీకరణాలు కావాలి. ఫ్రాన్స్‌లో 2005లో జరిగిన అల్లర్లు ఒక ఊరినుంచి ఇంకో ఊరికి పాకిన తీరుని 2018లో కొందరు ఆ సమీకరణాలతోనే లెక్కకట్టారు. వాటి గురించి విడిగా రాయాలి.