ఇంటిపట్టున ఉన్నప్పుడు ఇతరులతో పోలిక: అపోహలు – వాస్తవాలు

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైన కొద్ది వారాలకే, మనస్తత్వ సలహాదారుగా నేను మాట్లాడినవారి నోట వ్యాధి భయంతో పాటు మరో బాధ వినిపించసాగింది: "అందరూ ఏదో ఒకటి సాధిస్తున్నారు, నేనే ఊరికే కూర్చున్నాను." లాక్‌డౌన్ పోయినా ఆ మాట పోలేదు. ప్రసవమైనవారు, ఆపరేషన్ చేయించుకుని కోలుకుంటున్నవారు, ఉద్యోగం పోయినవారు, గ్రూప్స్ నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తున్నవారు ఇప్పటికీ అదే చెబుతున్నారు.

అపోహ: పోల్చుకోవడం అసూయాపరుల గుణం.

వాస్తవం: తన శక్తి ఎంతో తెలుసుకోవాలన్న తపన ప్రతి మనిషిలోనూ ఉంటుందని, అందుకు నికరమైన కొలమానం దొరకనప్పుడు మనిషి పక్కవారిని చూసి తనను అంచనా వేసుకుంటాడని అమెరికన్ మనస్తత్వవేత్త లియోన్ ఫెస్టింజర్ 1954లోనే ప్రతిపాదించారు. ఉద్యోగానికి వెళ్లే రోజుల్లో పూర్తయిన ఫైలు, పై అధికారి మెచ్చుకోలు, సాయంత్రం బస్సెక్కుతూ "ఈ రోజుకు అయింది" అనుకున్న క్షణం మన పనికి ఒక హద్దు గీస్తాయి. ఇంటికే పరిమితమైనప్పుడు అవన్నీ ఒక్కసారిగా మాయమై, కొలుచుకోవడానికి ఇతరుల వాట్సాప్ స్టేటస్‌లే మిగులుతాయి. ఆ స్థితిలో పోలిక పెరగడం సహజమే కాని, గుణలోపం కాదు.

అపోహ: ప్లేగు రోజుల్లో ఇంట్లో కూర్చునే న్యూటన్ గురుత్వాకర్షణ సిద్ధాంతాన్ని పూర్తి చేశాడు; మనం చేయలేకపోతే అది మన చేతకానితనమే.

వాస్తవం: లాక్‌డౌన్ కాలంలో విపరీతంగా ప్రచారమైన ఈ ఉదాహరణ చాలామందిని అనవసరంగా నొప్పించింది. 1665లో ప్లేగు వల్ల కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం మూతపడినప్పుడు న్యూటన్ వూల్స్‌థార్ప్‌లోని సొంత ఇంటికి చేరిన మాట, అక్కడ గణితం, కాంతి, గురుత్వాకర్షణల మీద లోతుగా ఆలోచించిన మాట నిజమే. అయితే ఆయన అప్పటికి ఇరవై రెండేళ్ల అవివాహితుడు. సాకవలసిన పిల్లలు లేరు. గణితంలో ఆ అన్వేషణ కేంబ్రిడ్జ్‌లో ఉండగానే మొదలైంది. గురుత్వాకర్షణ సిద్ధాంతాన్ని సమగ్రంగా వివరించిన 'ప్రిన్సిపియా' వెలువడింది 1687లో, అంటే రెండు దశాబ్దాలు దాటాక. ఆ ఏళ్లను వదిలేసి ఫలితాన్ని మాత్రమే మన ముందుంచితే, ఎవరైనా తమను తాము తక్కువగానే చూసుకుంటారు.

అపోహ: ఇంట్లోనే ఉన్నాం కాబట్టి సమయానికి లోటు లేదు.

వాస్తవం: జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపనుల్లో పాల్గొనే స్త్రీలు వాటికి రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చించారు. దాదాపు ఐదు గంటలు! నా దగ్గరకు వచ్చేవారిని నేను మొదట అడిగేది ఒక నోటుపుస్తకంలో ఆ రోజు నిజంగా ఏం జరిగిందో రాయమనే. ఒక కోడలు రాసిన పేజీలో పాలు కాచడం, మామగారికి బీపీ మాత్ర, బాబు ఆన్‌లైన్ క్లాసు మధ్యలో తెగిపోతే మళ్లీ కలపడం, గ్యాస్ బండ బుక్ చేయడం, మధ్యాహ్నం అంట్లు, ఆ తర్వాత అరగంట చదువు వరుసగా ఉన్నాయి. ఆమె మాత్రం ఆ అరగంట కిందే గీత గీసి "ఇంతే" అని రాసింది. తక్కిన పేజీ అంతా ఆమె లెక్కలోకే రాలేదు.

అపోహ: పోల్చుకుంటేనే పట్టుదల వస్తుంది.

వాస్తవం: ఇది సగమే నిజం. మన పరిస్థితికి దగ్గరగా ఉన్న వ్యక్తి ఏ దారిన వెళ్లాడో కనబడితే ఉత్సాహం కలుగుతుంది. దారి కనబడక ఫలితమే కనబడితే నిస్పృహ కలుగుతుంది. పైగా ఆందోళనతో నిండిన మనసుకు ఏకాగ్రత తగ్గుతుంది గనుక చేయగలిగిన పని కూడా వెనకబడుతుంది.

అపోహ: ఫోను పక్కన పెట్టేస్తే సరిపోతుంది.

వాస్తవం: కొంత ఉపశమనం ఉంటుంది, కాని కొలమానం లేని ఖాళీ అలాగే ఉంటుంది. అందుకే చేయవలసిన పనుల జాబితా కన్నా చేసిన పనుల జాబితా రాయమంటాను. ఇంటిపనిని, విశ్రాంతిని కూడా అందులో చేర్చమంటాను. పోలిక తప్పదనుకుంటే నెల కిందటి మన పేజీతోనే పోల్చుకోవాలి.

దిగులు, నిద్రలేమి, దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలకు మించి కొనసాగితే దాన్ని పోలిక వల్ల కలిగిన చిన్న బాధగా కొట్టిపారేయకుండా వైద్యుణ్ణి కలవాలి. కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.